కాలు తీసేస్తే అరుదైన వైద్యమా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం జిల్లా పేజీలో మీరు వేసిన ఫోటో వార్త గురించి ఈ ఉత్తరం. కోపం తగ్గాక రాద్దామని నాలుగు రోజులు ఆగాను. తగ్గలేదు. 'అరుదైన శస్త్రచికిత్సతో రైతు ప్రాణం నిలిపిన వైద్యులు' అని శీర్షిక. తీరా చదివితే ఏముంది, షుగర్ ఉన్న మనిషికి గ్యాంగ్రీన్ వచ్చి, అంటే రక్తం అందక కండ చచ్చిపోయి, మోకాలి కింది దాకా కాలు తీసేశారు. మంచం చుట్టూ తొమ్మిది మంది నిలబడి నవ్వుతున్నారు. దుప్పటి కప్పుకుని పడుకున్న ఆయన ఒక్కడే నవ్వడం లేదు.

ఇందులో అరుదైనది ఏమిటండీ? ఏ పెద్దాసుపత్రి సర్జరీ వార్డులోనైనా ఒక పూట కూర్చుంటే తెలుస్తుంది. డాక్టర్లను తప్పు పట్టడం లేదు. ఆ స్థితికి వచ్చాక కాలు తీయకపోతే చీము విషం ఒళ్ళంతా పాకి మనిషే పోతాడు. కానీ ఆ కాలు పోయింది ఆపరేషన్ నాడు కాదు, అంతకు కొన్ని నెలల ముందు. అప్పుడు దాన్ని చూసిన నాథుడు లేడు. ఫోటో తీయడానికి మీ విలేకరీ లేడు.

నేను కుష్ఠు విభాగంలో పారామెడికల్ వర్కర్‌గా చేసి రిటైరయ్యాను. సైకిల్ మీద ఊరూరా తిరిగి, కళ్ళు మూసుకోమని చెప్పి, బాల్ పెన్ను కొసతో అరికాలు తాకి 'ఎక్కడ తాకానో చూపించు' అని అడగడమే నా ఉద్యోగం. కుష్ఠు వస్తే వేళ్ళు వాటంతటవే రాలిపోతాయని జనం అనుకునేవారు. రాలవు. నరం చచ్చి స్పర్శ పోతుంది. ఇక ముల్లు దిగినా, నిప్పు తొక్కినా తెలియదు. దెబ్బ మీదే నడుస్తారు, పుండు పడి ఎముక దాకా పోతుంది. 1946లో వెల్లూరు వచ్చిన పాల్ బ్రాండ్ అనే సర్జన్ ఏళ్ళ తరబడి రోగుల చేతులూ కాళ్ళూ పరీక్షించి ఈ సంగతి తేల్చారు. అందుకే సాలూరు, డిచ్‌పల్లి లాంటి చోట్ల కుష్ఠు ఆసుపత్రుల్లో చెప్పులకు అంత విలువ. వాటికి వాడే మెత్తని రబ్బరును ఎంసీఆర్ రబ్బరు అంటాం. నొక్కితే వేలు దిగుతుంది, వదిలితే మళ్ళీ పైకి లేస్తుంది. ఆ చెప్పులు ఎన్ని పాదాలను కాపాడాయో నా కళ్ళతో చూశాను. 2005 డిసెంబరులో కుష్ఠు నిర్మూలన సాధించాం అని ప్రకటించుకున్నాం, సంతోషం. దాంతోపాటు పాదం పట్టుకుని చూసే అలవాటును కూడా నిర్మూలించినట్టున్నాం.

ఎందుకంటే షుగర్ చేసేదీ అదే. పైగా రెండు దెబ్బలు ఒకేసారి కొడుతుంది. స్పర్శ పోతుంది, రక్తనాళాలు పూడుకుపోతాయి. బీడీ తోడైతే ఇక చెప్పక్కర్లేదు. 2023లో ఐసీఎంఆర్, అంటే భారత వైద్య పరిశోధన మండలి వాళ్ళ అధ్యయనం దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10.1 కోట్లు అని లెక్క చెప్పింది. అంటే 20 కోట్ల పాదాలు. చూసేదెవరు?

మా తోడల్లుడి సంగతి చెబుతాను. తుమ్మముల్లు చెప్పులో దిగి విరిగింది. దాంతోనే రెండు రోజులు పొలానికి వెళ్ళొచ్చాడు. గచ్చు మీద రూపాయి బిళ్ళంత రక్తపు మరకలు వరసగా కనిపించి మా మరదలు 'ఎవరికి తెగింది?' అని ఇల్లంతా అడిగిందట. ఆయన కూడా నాకు కాదనే అన్నాడు. ఆర్‌ఎంపీ ఇంజెక్షన్ ఇచ్చాడు. పక్కింటివాళ్ళ మాట విని ఉప్పునీళ్ళ కాపడం పెడితే వేడి తెలియక బొబ్బలెక్కింది. బొటనవేలు నల్లబడి ఎండు ఖర్జూరంలా ముడుచుకుపోయింది. నొప్పి లేదు కదా, ఎండిపోతోంది, తగ్గిపోతుందిలే అనుకున్నారు. ఎండిన గ్యాంగ్రీన్‌లో ఇదే మోసం. చచ్చిన కండకూ బతికిన కండకూ మధ్య గీత గీసినట్టు కనిపిస్తుంది. అప్పుడే వెళితే, రక్తం ఎక్కడ ఆగిందో చూసి నాళం తెరవగలిగితే తెరిచి, ఒక వేలితో సరిపెట్టే అవకాశం ఉంటుంది. వీళ్ళు వెళ్ళిన క్లినిక్‌లో 'ముందు షుగర్ తగ్గనివ్వండి' అని మాత్రలు రాసి పంపారు. పట్టీ విప్పి చూడలేదు. పది రోజుల్లో తడి పట్టి, వాచి, గదిలోకి అడుగు పెట్టలేనంత వాసన. ఖరీదైన ఇంజెక్షన్లు చేశారు. మందు వెళ్ళేది రక్తం వెంటే కదండీ, రక్తమే అందని కండకు ఏ మందు చేరుతుంది? చివరికి మోకాలి కింద తీసేశారు. ఊరందరి పాదాలు చూసిన నేను ఇంట్లోవాడి పాదం ఏనాడూ చూడలేదు, అది నా తప్పే.

ఆ తర్వాత వికలాంగ సర్టిఫికెట్ కోసం సదరం క్యాంపు. స్లాట్ కోసం తిరిగి తిరిగి, కాలు లేదని రుజువు చేసుకోవడానికి ఒంటికాలి మీద క్యూలో నిలబడ్డాడు. కొన్నాళ్ళకు మళ్ళీ తనిఖీకి రమ్మన్నారు. మొలిచిందేమోనని కాబోలు. నెలకు 6,000 పింఛను ఇస్తున్నారు, కాదనను. అందులో ఒక్క నెల డబ్బుతో ముందే ఎన్ని జతల మెత్తని చెప్పులు ఇవ్వొచ్చో ఏ అధికారైనా లెక్క వేశాడా?

మొన్న మా వీధికి సర్వేకి వచ్చిన అమ్మాయి బీపీ చూసింది, వేలు గుచ్చి షుగర్ చూసింది. అరికాళ్ళలో తిమ్మిర్లు ఉన్నాయా అన్న ప్రశ్న ఫోన్లో కనిపిస్తూనే ఉంది. నన్ను అడగకుండానే 'లేదు' అని నొక్కింది. ఇదేమిటమ్మా అంటే 'సాయంత్రంలోపు ఇంకా నలభై ఇళ్ళు ఉన్నాయి తాతగారూ' అంది. ఆ పిల్లనేం అంటాం? పైనున్నవాళ్ళకు కావలసింది అప్‌లోడ్. పాదంలో స్పర్శ చూడటానికి కావలసింది 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగు ఒకటి, రెండు నిమిషాల టైమ్. కోట్లు పెట్టి భవనాలు కడతారు, ఈ పోగు మాత్రం ఉండదు.

ఇక మీ సంగతి. ఆ వార్త వెనక పేజీలోనే 'కాలు తీయకుండా గ్యాంగ్రీన్ మాయం, షుగర్‌కు శాశ్వత పరిష్కారం' అని పావు పేజీ ప్రకటన వేశారు. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ఒకసారి తిరగేయించండి. ఏయే జబ్బులు నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వకూడదో వెనక ఒక జాబితా ఉంటుంది. అందులో డయాబెటిస్ ఉంది, గ్యాంగ్రీన్ పేరు కూడా ఉంది. అలాంటి ప్రకటన ప్రచురణలో ఎవరూ పాలుపంచుకోకూడదని చట్టం చెబుతోంది. ఆ ప్రకటన నమ్మి పసరు కట్టుకుని కూర్చున్నవాడే నెల తిరిగేసరికి మీ 'అరుదైన శస్త్రచికిత్స' ఫోటోలో పడుకుని ఉంటాడు. ముందు పేజీకి వార్త, వెనక పేజీకి డబ్బు, రెండూ మీకే.

మా తోడల్లుడికి ఇంకో కాలు మిగిలి ఉంది. రోజూ రాత్రి మా మరదలు, ఆయన గడ్డం గీసుకునే అద్దాన్ని అరికాలి కింద పెట్టి, టార్చి వేసి, వేళ్ళ సందులు కూడా విడదీసి చూస్తుంది. మీ విలేకరి వస్తే చూపిస్తాం.

పోయినసారి మురుగుకాలువ గురించి నేను రాసిన రెండు పేజీల ఉత్తరాన్ని మూడు లైన్లు చేసి వేశారు. ఈసారీ కోత తప్పదంటే, నా ఉద్యోగం గురించి రాసింది తీసేయండి. ప్రకటన గురించి రాసిన పేరా మాత్రం ఉంచండి.

ఇట్లు,
విశ్రాంత కుష్ఠు విభాగం ఉద్యోగి,
బొబ్బిలి