మా బాబుకి ఆస్తమా లేదు, క్లెయిమ్ మళ్ళీ తెరవండి

క్లెయిమ్స్ విభాగం, గ్రీవెన్స్ అధికారి గార్లకు,

మా నాలుగేళ్ల బాబు ఆసుపత్రి ఖర్చుల క్లెయిమ్ తిరస్కరిస్తూ మీరు రెండు కారణాలు రాశారు. పాలసీ తీసుకోకముందే ఉన్న ఆస్తమాని మేం దాచామట, ఆసుపత్రిలో చేర్చింది కేవలం పరీక్షల కోసమేనట. రెండూ తప్పే. ఫైల్ మొత్తం చదివినవాళ్ళెవరూ ఇలా రాయరు.

ముందు ఆస్తమా సంగతి. మీ చేతిలో ఉన్న ఆధారం ఒకే ఒక్క పాత ఓపీ చీటీ. వాడికి జలుబు, దగ్గు వస్తే తీసుకెళ్ళినప్పుడు పిల్లల డాక్టర్ రాసిచ్చింది. అందులో ఆస్తమా అని రాసి పక్కనే ప్రశ్నార్థకం పెట్టారు, కింద పారాసెటమాల్, ముక్కులో వేసే సెలైన్ చుక్కలు, తగ్గకపోతే తీసుకురమ్మని ఒక మాట. అంతే, ఇన్‌హేలర్ కూడా రాయలేదు. తగ్గిపోయింది. డాక్టర్ అనుమానంగా రాసిన మాటని మీ వాళ్ళు ప్రశ్నార్థకం తీసేసి రోగం కింద ఎక్కించేశారు.

ఈ ఏడాది వచ్చిన దగ్గు పూర్తిగా వేరు. వీపు మీద చెయ్యి పెడితే లోపల కఫం గురగురమనడం అరచేతికి తెలిసేది. పిల్లికూతలు లేవు. తెల్లవారుజామున లేచి దగ్గి దగ్గి, ఉమ్మడం రాక కఫం మింగేసి, కాసేపటికి వాంతి చేసుకునేవాడు. ఆస్తమా ఏమోనని డాక్టర్లు స్పేసర్‌తో (మందు లోపలికి పీల్చుకోడానికి ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం) ఇన్‌హేలర్ వాడించి చూశారు, గుణం లేదు. ఆ చీటీలు కూడా మీకిచ్చిన ఫైల్లోనే ఉన్నాయి, దయచేసి చూడండి.

విజయవాడలో పిల్లల ఊపిరితిత్తుల డాక్టర్ దీన్ని పీబీబీ అన్నారు, అంటే ప్రొట్రాక్టెడ్ బాక్టీరియల్ బ్రాంకైటిస్. శ్వాసనాళాల్లో బాక్టీరియా తిష్టవేసి, నాలుగు వారాలు దాటినా తడి దగ్గు వదలకపోవడం, వేరే జబ్బు లక్షణాలేవీ లేకపోవడం, యాంటీబయాటిక్‌తో తగ్గడం దీని గుర్తులు. 2006లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ డాక్టర్లు దీన్ని వివరించారు, 2017లో యూరోపియన్ రెస్పిరేటరీ సొసైటీ నిర్వచనం ఇచ్చింది. దీన్ని ఆస్తమా అనుకుని పొరబడటం మామూలే, అందుకే అసలు జబ్బు తేలేసరికి ఆలస్యం అవుతుంది. పట్టించుకోకుండా వదిలేస్తే కొందరు పిల్లల్లో బ్రాంకియెక్టాసిస్ దాకా పోతుంది, అంటే శ్వాసనాళాలు శాశ్వతంగా దెబ్బతింటాయి. మాకు టెన్షన్ పట్టుకుంది అక్కడే.

ఇక రెండో కారణం. ఎక్స్‌రే, టీబీ పరీక్ష ఇంటి నుంచి వచ్చే చేయించాం. అమాక్సిసిలిన్-క్లావులనేట్ అనే యాంటీబయాటిక్ సిరప్ రెండు వారాలు, తగ్గకపోతే ఇంకో రెండు వారాలు వాడాం. నాలుగు వారాల మందుకీ లొంగలేదంటే లోపల చూడాల్సిందే అన్నారు డాక్టర్. పల్లీ గింజ లాంటిది ఊపిరితిత్తిలోకి పోయి ఇరుక్కున్నా ఇలాగే దగ్గుతారట. నాలుగేళ్ల పిల్లాడికి బ్రాంకోస్కోపీ, అంటే సన్నటి కెమెరా గొట్టం శ్వాసనాళాల్లోకి పంపి చూడటం, చేయాలంటే మత్తు ఇవ్వాలి, పొద్దున్నుంచి కడుపు ఖాళీగా ఉంచాలి, తర్వాత ఆక్సిజన్ చూసుకుంటూ పక్కన మనిషి ఉండాలి. ఇది ఓపీలో అయ్యే పనా? గింజ ఏదీ లేదు గానీ చీములాంటి కఫం ఉంది, దాన్ని కడిగి తీశారు. ఆ కఫాన్ని ల్యాబ్‌లో పెంచి చూసే కల్చర్ పరీక్షలో హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే అనే బాక్టీరియా మిల్లీలీటరుకి 10,000 కాలనీల పైనే పెరిగింది. బ్రాంకోస్కోపీ అయిన రోజునుంచే నరానికి యాంటీబయాటిక్ ఎక్కించారు, కేస్ షీట్‌లో ప్రతి డోసూ టైముతో సహా ఉంది. వైద్యం జరిగిందనడానికి ఇంకేం కావాలి మీకు? ఇప్పుడు బాబుకి దగ్గు లేదు, ఇన్‌హేలరూ లేదు.

కాబట్టి క్లెయిమ్ మళ్ళీ తెరిచి పూర్తి మొత్తం చెల్లించండి. పిల్లల ఊపిరితిత్తుల వైద్యం తెలిసిన డాక్టర్ చేత ఫైల్ చదివించండి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 నిబంధనల ప్రకారం క్లెయిమ్స్ రివ్యూ కమిటీ ఆమోదం లేకుండా తిరస్కరించకూడదు, మా విషయంలో ఆ కమిటీ చూసిందో లేదో, ఏ క్లాజు కింద తిరస్కరించారో రాతపూర్వకంగా చెప్పండి. అన్నిటికంటే ముఖ్యం, బాబు పేరు మీద మీ రికార్డులో ఎక్కించిన ఆస్తమా అనే మాట తీసేయండి. ఆ ముద్ర ఉంటే రేపు వాడికి న్యుమోనియా వచ్చినా మీరు ఇదే పాట పాడతారు.

14 రోజుల్లో సరైన జవాబు రాకపోతే ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్లో ఫిర్యాదు చేస్తాను, అక్కడా తేలకపోతే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్తాను. డిశ్చార్జ్ సమ్మరీ, కల్చర్ రిపోర్టు, కేస్ షీట్, ఆ పాత చీటీ మళ్ళీ జతచేస్తున్నాను.

ఇట్లు,
పాలసీదారు, బాబు తల్లి