పూర్వపక్షం లేని వ్యాసాలు

సంపాదకులకు నమస్కారం.

చంద్రగిరి మండలంలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో నేను తెలుగు చెబుతాను. ఇరవై రెండేళ్లుగా ఏటా పదో తరగతి పిల్లల చేత 'పత్రికా సంపాదకునికి లేఖ' రాయిస్తున్నాను. ఊరు, తేదీ ఎక్కడ వేయాలో, 'ఇట్లు, తమ విధేయుడు' అని ఎక్కడ సంతకం చేయాలో అందరికీ కంఠతా వచ్చు. ఆ లేఖల్లో ఒక్కటి కూడా ఇంతవరకు ఏ పత్రికకూ రాలేదు. ఎవరినో ఒప్పించాలని కాదు, మార్కుల కోసమే అవి రాసినవి. ఆ బాధతోనే మీకు ఈ ఉత్తరం రాస్తున్నాను.

పోయిన నెల ఒక వ్యాసరచన పోటీకి నన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు. విషయం 'పర్యావరణ పరిరక్షణ – మన బాధ్యత'. నలభై పైచిలుకు కాగితాలు దిద్దాను. సగానికి పైగా 'నేటి ఆధునిక సమాజంలో' అని మొదలై 'కాబట్టి మనమందరం కలిసికట్టుగా' అని ముగిశాయి. మధ్యలో 'వృక్షో రక్షతి రక్షితః' తప్పకుండా ఉంది. చివరికి చేతిరాత చూసి బహుమతులు ఇవ్వాల్సి వచ్చింది. పిల్లల తప్పేమీ లేదు. పర్యావరణాన్ని కాపాడకూడదని అనేవాళ్లు ఎవరున్నారు? ఎదుట మనిషే లేకపోతే ఎవరితో వాదించాలి? అదే 'రోడ్డు వెడల్పు చేయడానికి ఊరి ముందున్న చింతచెట్లు కొట్టేయాలా, వద్దా?' అని అడిగి ఉంటే ఆటో నడిపే నాన్న ఒక మాట, ఆ నీడలో పూలు అమ్ముకునే అమ్మ ఇంకో మాట చెప్పేవాళ్లు. పిల్లలు ఆ రెండు మాటలూ విని ఆలోచించేవాళ్లు.

వాదించి రాయడం మనకు ఎవరో కొత్తగా నేర్పాల్సిన విద్య కాదు. మన శాస్త్రాల్లో ముందు పూర్వపక్షం, తర్వాత సిద్ధాంతం. ఎదుటివాడి మాటను అతను ఒప్పుకునేంత గట్టిగా చెప్పాకే మన మాట చెప్పాలి. మన తిరుపతిలోని జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం (కోర్టు చట్టం కాదు, మన పాత తర్కశాస్త్రం) ఈరోజుకీ పాఠంగా ఉంది. ఆ శాస్త్రంలో మొదటి రోజు చెప్పే ఉదాహరణనే నేను తొమ్మిదో తరగతికి చెబుతాను. కొండ మీద నిప్పుంది. ఎందుకు? పొగ లేస్తోంది కాబట్టి. పొగ ఉంటే నిప్పు ఉన్నట్టేనా? మన వంటింట్లో చూస్తున్నాం కదా. 2014 మార్చిలో శేషాచలం అడవి అంటుకున్నప్పుడు మా మేడ మీద నుంచి చూసిన పొగ సంగతి కూడా చెబుతాను.

ఒక డిసెంబరు ఉదయం ఈ పాఠం చెబుతుంటే వెనక బెంచీ పిల్లవాడు కిటికీలోంచి కొండవైపు చూపించి, "అది పొగమంచు అయితే మేడమ్?" అన్నాడు. నిజంగానే ఆ రోజు కొండ సగం దాకా మంచు కమ్ముకుని ఉంది. దూరం నుంచి చూస్తే అచ్చం పొగే. చూపించిన కారణమే నిజం కాకపోతే వాదన నిలబడదని శాస్త్రంలో పెద్ద చర్చ ఉంది. దాన్ని హేత్వాభాసం అంటారు. ఆ పిల్లవాడు ఏ పుస్తకమూ చదవకుండా దాన్ని పట్టుకున్నాడు. అప్పటి నుంచి మా క్లాసులో ఎవరైనా బలం లేని కారణం రాస్తే పక్కవాళ్లు మార్జిన్‌లో 'మంచు' అని రాస్తున్నారు.

సంక్రాంతి సెలవులయ్యాక 'మన పశువుల పండగ ఆపాలా, కొనసాగాలా?' అని బోర్డు మీద రాశాను. కోడెల కొమ్ములకు పలకలు కట్టి వదలడం, కుర్రవాళ్లు ఎగబడి వాటిని లాక్కోవడం మా వైపు ఊళ్లలో అందరికీ తెలిసిందే. క్లాసంతా ఒక్కసారిగా లేచింది. పండగ ఉండాలని అందరికంటే గట్టిగా అరిచిన పిల్లవాడు రాసింది మాత్రం రెండే వాక్యాలు: 'ఇది మన సంప్రదాయం. దీన్ని ఎవరూ ఆపకూడదు.' ఆపాలనేవాళ్లు ఏమంటారో ముందు రాయమన్నాను. "వాళ్లకేం తెలుసు మేడమ్?" అన్నాడు. నీకు తెలిసిందే రాయి నాయనా అన్నాను. చాలాసేపు పెన్ను కదల్లేదు. తర్వాత ఇలా రాశాడు:

'మా చిన్నాయనకు తొడలో కొమ్ము దిగింది. పదమూడు కుట్లు వేశారు. నాలుగు నెలలు కూలికి పోలేదు. అప్పటి నుంచి పండగ రోజు మా చిన్నమ్మ తలుపుకు గడియ పెట్టుకుని లోపలే ఉంటుంది.'

దాని కింద తన సిద్ధాంతం రాశాడు. మాట మార్చుకోలేదు, పండగ ఉండాల్సిందే అన్నాడు. కానీ కోడె పరుగెత్తే దారికి రెండు పక్కలా దడి కట్టాలని, తాగినవాళ్లను దగ్గరికి రానివ్వకూడదని, అంబులెన్సు ముందే పిలిపించి పెట్టుకోవాలని ఒకటిన్నర పేజీ రాశాడు. చివర్లో 'పండగ ఉండాలి, మా చిన్నమ్మ గడియ తీసి బయటికొచ్చి చూసేలా ఉండాలి' అన్నాడు. ఇన్నేళ్లలో నేను దిద్దిన వ్యాసాల్లో ఇంత బలమైన వాక్యం ఇంకొకటి గుర్తు రావడం లేదు.

అదే క్లాసులో ఒక అమ్మాయి వాళ్ల ఇంట్లోనే కోడె ఉంది. ఆమె ఆపాలని రాసింది. పూర్వపక్షంలో తాత రోజూ ఉలవలు ఉడకబెట్టి పెట్టడం, పండగే లేకపోతే కోడెను ఎవరూ మేపరు, సంతకు తోలేస్తారన్న ఆయన భయం ఏదీ దాచకుండా రాసింది. తర్వాత డప్పుల మధ్య ఆ కోడె కళ్లు ఎలా తిరుగుతాయో రాసి, అది మన భాష మాట్లాడగలిగితే ఏమంటుందో తాతనే అడిగింది.

అప్పుడు సుప్రీంకోర్టు సంగతి చెప్పాను. జల్లికట్టు కూడదని 2014 మే 7న తీర్పు వచ్చింది. తమిళనాడు చట్టాన్ని సవరించుకున్నాక, ఆ సవరణ చెల్లుతుందని 2023 మే 18న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. మొదటి తీర్పు ఎద్దు పడే బాధను ముందు పెట్టింది. రెండోది, నిబంధనలతో ఆ బాధ తగ్గుతుందని, ఇది తమ సంస్కృతిలో భాగమన్న శాసనసభ మాటకు విలువ ఇవ్వాలని అంది. "అయితే ఏది కరెక్టు మేడమ్?" అని అడిగారు పిల్లలు. రెండింటి కారణాలూ చదివి మీరే రాసుకురండి అన్నాను.

దీన్ని ఒప్పుకోనివాళ్లు మా స్టాఫ్ రూములోనే ఉన్నారు. మా తోటి మాస్టారి మాట తీసిపారేసేది కాదు. పదో తరగతి పేపర్లు దిద్దేవాళ్లకు ఒక్కో పేపరు మీద ఎక్కువసేపు పెట్టే వీలుండదు, వాళ్ల కళ్లు పాయింట్లు, సైడ్ హెడ్డింగుల కోసం వెతుకుతాయి, ట్రిపుల్ ఐటీ సీటు ఆ మార్కుల మీదే వస్తుంది, కొత్త దారిలో రాసి కూలివాళ్ల బిడ్డకు ఒక్క మార్కు పోయినా ఆ పాపం ఎవరిది అంటారాయన. ఆ భయం నాకూ ఉంది. అందుకే ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో మొదలుపెట్టాను. ఆ రెండేళ్లు వాదించి రాసిన పిల్లకు పదిలో సైడ్ హెడ్డింగులు పెట్టడం ఒక పూట పని. రెండేళ్లు గైడు బట్టీ పట్టిన పిల్లకు సొంత మాట రాయడం ఇంటర్లోనూ రావడం లేదు.

ఒక తండ్రి బడికి వచ్చి, "ఎదురు మాట్లాడటం నేర్పిస్తున్నారా మేడమ్?" అని అడిగాడు. కూతురు సైకిల్ కావాలని వాదిస్తూ, ఆయన వద్దనడానికి ఉన్న కారణాలు కూడా ముందే చెప్పేసిందట. కోపంగానే వచ్చాడు, కానీ ఆ కారణాలన్నీ నిజమేనని ఒప్పుకున్నాడు.

తెలుగు వ్యాసం గురించి మన పెద్దలే గట్టిగా పోట్లాడారు. బడిపిల్లలు ఏ తెలుగులో రాయాలన్న వివాదంలో గురజాడ అప్పారావుగారు 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం ఇచ్చారు. ఆ రోజు ఆయన మాట నెగ్గలేదు. ఈ రోజు మా పిల్లలు రాస్తున్నది ఆయన వాదించిన వాడుక తెలుగులోనే.

పోటీలు పెట్టేవాళ్లకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఒకటే. రెండు వైపులా మాట ఉన్న ప్రశ్న ఇవ్వండి, పూర్వపక్షానికి సగం మార్కులు పెట్టండి. మీరు కూడా వారానికొకసారి జిల్లా పేజీలో జానెడు చోటు ఇవ్వండి. మన ఊరి ప్రశ్న ఒకటి వేసి, ఒకటి అవునని, ఒకటి కాదని ఇద్దరు పిల్లల ఉత్తరాలు పక్కపక్కన అచ్చు వేయండి. తోతాపురి మామిడి ధర పడిపోయినప్పుడు తోట నరికేయాలా ఉంచాలా అని మా పిల్లల ఇళ్లలో రాత్రుళ్లు జరిగే మాటలు వాళ్ల చేతిరాతలో మీకు చేరతాయి.

పశువుల పండగ మీద పైన చెప్పిన ఇద్దరి కాగితాలు వాళ్లనూ, ఇంట్లోవాళ్లనూ అడిగి, పేర్లు తీసేసి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. అచ్చుతప్పులు తప్ప ఏమీ దిద్దవద్దు. చోటు ఉంటే రెండూ వేయండి. ఒక్కదానికే ఉంటే, రెండోదానికి చోటు దొరికేదాకా రెండూ మీ దగ్గరే ఉంచండి.

ఇట్లు,
ఒక తెలుగు ఉపాధ్యాయురాలు,
చంద్రగిరి మండలం, తిరుపతి జిల్లా