కోతలు కావివి, తీగల నిస్సత్తువ

సంపాదకుల వారికి,

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల మధ్య ఉన్న మా ఊళ్లో రాత్రి కరెంటు పోయినప్పుడల్లా ‘కోత వేశారు’ అనుకోవడం అలవాటైపోయింది. వాటిలో చాలావరకు కోతలు కావు. 2012లో ఉమ్మడి రాష్ట్రం చూసిన కోతలకు ఉత్పత్తి చాలకపోవడం కారణం. ఇప్పుడు సబ్‌స్టేషన్ దాకా వస్తున్న కరెంటు అక్కడి నుంచి మా గుమ్మానికి చేరడానికే నానా పాట్లు పడుతోంది.

మా వీధి చివర దిమ్మె మీద ఉన్నది 100 కేవీఏ (మహా అయితే వంద కిలోవాట్ల లోడు మోయగల) ట్రాన్స్‌ఫార్మర్. దాన్ని పెట్టిన రోజుల్లో ఇంటికి రెండు ఫ్యాన్లు, నాలుగు బల్బులు, మహా అయితే ఒక టీవీ ఉండేవి. దాన్ని మూడు ఫేజులకు, అంటే కరెంటు మోసే మూడు తీగలకు, పంచితే ఒక్కోదాని వంతు దాదాపు 33 కేవీఏ. టన్నున్నర ఏసీ కిలోవాటున్నర దాకా లాగుతుంది కాబట్టి, ఒకే ఫేజు మీద ఇరవై ఏసీలు కలిసి నడిస్తే దాని శక్తి అక్కడికి సరి. సర్వీసులు ఇచ్చేటప్పుడు చేతికందిన ఫేజుకు తగిలించడంతో ఒక ఫేజు ఫ్యూజు ఎగిరిపోతుంటే పక్క ఫేజు సగం ఖాళీగా ఉంటోంది. లైన్‌మన్ వచ్చి ఇంకాస్త లావు తీగతో ఫ్యూజు కట్టి వెళతాడు (ఆయన్ను తప్పుపట్టలేను, మూడు ఊళ్లకూ ఆయనొక్కడే). ఆ తర్వాత కాలేది ఫ్యూజు కాదు, ట్రాన్స్‌ఫార్మర్ కాయిలు. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చేలోగా కనెక్షన్లను మూడు ఫేజులకూ సర్దడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

ఇంట్లో ఉక్కపోతను ఓర్చుకోవచ్చు, చెరువు ఓర్చుకోదు. రాత్రంతా నీటిలోని నాచు కూడా ప్రాణవాయువును వాడుకోవడమే తప్ప తయారుచేయదు కనుక తెల్లవారుజామున ఆ వాయువు అడుగంటుతుంది. ఆ వేళ నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే రొయ్యలు పైకి తేలతాయి. అందుకే ప్రతి గట్టు మీదా డీజిల్ జనరేటర్ కాపలా ఉంటోంది. చెరువుల దాకా పొడవాటి లోటెన్షన్ (ఇళ్లకిచ్చే తక్కువ ఓల్టేజీ) తీగలు లాగే బదులు 11 కేవీ (పదకొండు వేల ఓల్టుల) లైను తీసుకెళ్లి దగ్గర్లో చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పెడితే, అదే లోడుకు తీగలో ప్రవాహం ఇరవై ఐదో వంతుకన్నా తగ్గుతుంది, చివరి మోటారుకూ తగిన ఓల్టేజీ అందుతుంది. ఉప్పుగాలికి, తీగలను స్తంభానికి తగలకుండా పట్టి ఉంచే ఇన్సులేటర్లపై పేరుకునే పొర మంచుకు తడిసి నిప్పురవ్వలు రాలే మా ప్రాంతంలో, ఏడాదికోసారి వాటిని తుడిచే పని కూడా ఇందులో భాగమే కావాలి.

పంపిణీ వ్యవస్థను పటిష్ఠం చేయడానికి కేంద్రం 2021లో ఆర్‌డీఎస్‌ఎస్ పథకం ప్రకటించింది. అందులో మీటర్ల మార్పిడికి చూపుతున్న తొందర తీగల మార్పిడికి కనబడకపోవడం నాకు వింతగా ఉంది. కాలిపోయే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఎంత తెలివైన మీటరు పెట్టినా అది లెక్కించేది చీకటినే కదా! సరఫరా ప్రమాణాలు తప్పితే పరిహారం ఇవ్వాలని 2020 నాటి విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు చెబుతున్నా, మా ఊళ్లో అది అడిగినవారూ లేరు, అందుకున్నవారూ లేరు.

నేను అధికారులను కోరేది ఒక్క కాగితం. ఏ ఫీడరు (సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు వచ్చే లైను) నెలలో ఎన్నిసార్లు, ఎన్ని గంటలు ఆగిందో, అందుకు ఏ ట్రాన్స్‌ఫార్మర్ లేదా ఏ తీగ కారణమో రాసి ప్రతి నెలా గ్రామ సచివాలయం గోడకు అతికించాలి. రాబోయే వేసవికి ముందు ఏ దిమ్మె దగ్గర పని మొదలుపెట్టాలో దాన్ని చూసి ఊరివాళ్లే చెబుతారు.

ఇట్లు,
ఒక వినియోగదారుడు,
పశ్చిమ గోదావరి జిల్లా.