సైట్ పోలేదు, తాళం వేసింది నేనే

మొన్న ఆదివారం నుంచి మన కలంకారీ వెబ్‌సైట్ లింక్ నొక్కితే 'త్వరలో తెరుస్తాం' అని ఒక ఖాళీ పేజీ వస్తోంది. 'సైట్ పోయిందా మేడం?' అని కొందరు, 'నా వంద రూపాయల చీర ఎప్పుడు పంపిస్తారు?' అని కొందరు వాట్సాప్‌లో అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాయడం నా వల్ల కావడం లేదు, అందుకే అందరికీ కలిపి రాస్తున్నా. సైట్ పోలేదు. తాళం వేసింది నేనే. వంద రూపాయల సంగతి మాత్రం పూర్తిగా మా తప్పు.

తిరుపతిలో నా దుకాణానికి వచ్చినవాళ్లకు తెలుసు, అదొక చిన్న గది. బొమ్మలు వేయించేది శ్రీకాళహస్తిలో, ఐదు ఇళ్లలో. ఊరు దాటి అమ్ముకోవాలంటే సైట్ ఉండాలని అందరూ చెప్పగా చెప్పగా మూడు నెలల క్రితం పని మొదలుపెట్టించాను. మా చెల్లెలి కొడుకు స్నేహితుడు, ఇంజినీరింగ్ చదివిన అబ్బాయి, సైట్లు కట్టుకునే వర్డ్‌ప్రెస్ మీద, దుకాణం నడిపే వూకామర్స్ పెట్టి కట్టాడు. మొదట్లో అంతా పద్ధతిగానే ఉంది. వూకామర్స్ సెట్టింగుల్లో 'కమింగ్ సూన్' అని ఉంటుంది. అది ఆన్‌లో ఉన్నంతసేపూ బయటివాళ్లకు ఖాళీ పేజీ, లోపల పని చేసుకునే మాకు దుకాణం. ధరలు ఇంకా తేలలేదు కాబట్టి అన్నిటికీ 100 అని కొట్టి పెట్టాం. చీరకీ వందే, చున్నీకీ వందే.

చిక్కు డబ్బు కట్టించుకునే దగ్గర వచ్చింది. కార్డు, యూపీఐ చెల్లింపులు తీసుకోవాలంటే మధ్యలో ఉండే పేమెంట్ గేట్‌వే వాళ్లు మన సైట్ చూసి ఒప్పుకోవాలి. మూసి ఉన్న సైట్‌ని చూసి ఒప్పుకోం, వస్తువులు ధరలతో సహా కనిపించాలి అన్నారు. న్యాయమే, లోపల ఏం అమ్ముతున్నామో వాళ్లకెట్లా తెలుస్తుంది? తలుపు తీశాం. నాలుగు రోజులకు అనుమతి వచ్చింది. 'మళ్లీ మూసెయ్ నాయనా' అన్నాను. 'మూసేశాను ఆంటీ' అన్నాడు.

వాడు చేసిందేమిటంటే, వర్డ్‌ప్రెస్‌లో సెర్చ్ ఇంజిన్లకు సైట్ వద్దని చెప్పే చోట ఒక టిక్ పెట్టాడు. అది తాళం కాదు. 'మా సైట్‌ని మీ జాబితాలో చేర్చకండి' అని గూగుల్‌లాంటి వాటికి చేసుకునే మనవి. గూగుల్ ఆ మనవి మన్నిస్తుందనే అనుకుందాం, లింక్ చేతిలో ఉన్న మనిషిని అది ఆపదు కదా. తలుపు బార్లా తీసి పెట్టి, వీధి చివర 'ఇక్కడ దుకాణం లేదు' అని బోర్డు తగిలించినట్టు. మా ఇద్దరికీ అనుమానం రాకపోవడానికి కారణం కూడా చెప్తాను. మా ఫోన్లు ఎప్పుడూ లాగిన్ అయ్యే ఉంటాయి. మాకు దుకాణం కనిపిస్తే, అది మాకు మాత్రమే కనిపిస్తోందనుకున్నాం.

ఇంక నా ఘనకార్యం. వాళ్లకు ఖాళీ పేజీ రావాలి కదా అన్న ఆలోచన కూడా లేకుండా, అక్షర దోషాలు చూసి పెట్టండని ఆ లింక్‌ని మా ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఇంటివాళ్లంటే అరవైమంది. అక్కడి నుంచి అది ఎన్ని గ్రూపులు తిరిగిందో ఆ వెంకన్నకే ఎరుక. రెండు రోజుల్లో 11 ఆర్డర్లు, మొత్తం 17 చీరలు. ఆన్‌లైన్ చెల్లింపులు ఇంకా టెస్ట్ మోడ్‌లోనే ఉన్నాయి కాబట్టి ఎవరి డబ్బూ కట్ కాలేదు. కానీ ట్రయల్ కోసం ఆన్ చేసిన క్యాష్ ఆన్ డెలివరీని ఆపడం మరిచిపోయాం. ఆర్డర్లన్నీ అందులోంచే వచ్చాయి.

పదకొండు మందికీ నేనే ఫోన్ చేశాను. ఎక్కువమంది నవ్వేశారు. చిత్తూరు నుంచి ఒక పెద్దావిడ 'వందకి చేతి కలంకారీ రాదని నాకు తెలీదామ్మా, వస్తే వచ్చిందని నొక్కినా' అంది. ఇద్దరికి మాత్రం బాగా కోపం వచ్చింది. మోసం అన్నారు, వాళ్లను తప్పు పట్టను. వందకే ఇచ్చేస్తే మంచి పేరు వస్తుంది కదా అని మా ఆయన అన్నారు. ఒకటో రెండో అయితే ఇచ్చేదాన్నే. పదిహేడు చీరలు అట్లా ఇస్తే కాళహస్తిలో ఐదు ఇళ్లకు కూలి ఎక్కడి నుంచి తెచ్చేది? అన్ని ఆర్డర్లూ రద్దు చేశాను. బదులుగా ఆ పదకొండు మందికి సైట్ తెరవడానికి ఒకరోజు ముందే లోపలికి వచ్చే ప్రైవేట్ లింక్ పంపిస్తాను. వాళ్లకు ముందు వరుస అంతే, డిస్కౌంట్ లేదు.

నన్ను ఇంకా ఎక్కువ బాధపెట్టింది వేరే ఉంది. ఆ సైట్‌లో ఎవరికీ చూపించని మూడు కొత్త డిజైన్లు పెట్టాను. తర్వాత పది రోజులకు, అందులో ఒక నెమలి అంచు లాంటిదే డిజిటల్ ప్రింట్ చున్నీ మీద ఒకరి వాట్సాప్ స్టేటస్‌లో కనిపించింది. మా ఫోటోలోంచే తీశారని రుజువు లేదు, ఎవరి పేరూ చెప్పను. మా దగ్గర ఒక అంచు తేలడానికి వారాలు పడుతుంది. ప్రింటు వేయడానికి ఫోటో ఒక్కటి చాలు. తెరిచేదాకా దాచిపెట్టాలన్న పంతం నాకు ఎందుకో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. 'డిమాండ్ పెంచుకోవడానికి మూశారు' అని ఒకరు అన్నారు కానీ, అంత తెలివే ఉంటే ఈ ఉత్తరం రాసే పని పడేది కాదు.

ఇప్పుడు వేసింది అసలు తాళం. కమింగ్ సూన్ మళ్లీ ఆన్ చేశాం, దుకాణం పేజీల వరకే. మా చిరునామా, రిటర్న్ పద్ధతి, డెలివరీ వివరాల పేజీలు అందరికీ తెరిచే ఉంటాయి. అయినా మొదటిరోజు రాత్రి మా చెల్లెలి ఫోన్‌లో పాత పేజీలే వచ్చాయి. సైట్ వేగంగా తెరుచుకోవాలని పేజీల కాపీలు దాచిపెట్టే 'క్యాష్'లో అవి మిగిలిపోయాయట, దాన్ని తుడిపించాం. ఈ క్యాష్ వేరు, ఆ క్యాష్ ఆన్ డెలివరీలో క్యాష్ వేరు, రెండూ నా కొంపే ముంచాయి. ఇంకొకటి ఈమధ్యే తెలిసింది: పేజీకి తాళం వేసినా ఫోటోకి పడదు. ఫోటో సొంత లింక్ ఎవరి దగ్గరైనా ఉంటే అది నేరుగా తెరుచుకుంటుంది. అందుకని కొత్త డిజైన్ల ఫోటోలు సైట్‌లోంచి పూర్తిగా తీసేశాను, తెరిచే రోజు పొద్దున్నే ఎక్కిస్తాం. ఇప్పుడు రోజూ రాత్రి ఎక్కడా లాగిన్ కాని ఫోన్‌లో, ఇంకాగ్నిటో విండోలో సైట్ తెరిచి చూసి గానీ పడుకోవడం లేదు. టెన్షన్ అట్లా పట్టుకుంది.

మరి ఎప్పుడు తెరుస్తారు అంటారా? జనవరి 20 అనుకుంటున్నాం. తొందర చేయలేకపోవడానికి కారణం కంప్యూటర్ కాదు, వాన. మా వైపు పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లోనే. గుడ్డని కరక్కాయ, పాలలో నానబెట్టి ఎండబెట్టాలి, పాలు లేకపోతే రంగు పక్కకు పాకుతుంది. బెల్లం, తుప్పు ఇనుము రోజుల తరబడి ఊరబెట్టిన నీళ్లతో గీత గీస్తే, అది కరక్కాయ తగిలిన చోట నల్లబడుతుంది. తర్వాత పటిక, ఉడకబెట్టడం, ఉతకడం, మళ్లీ ఎండ. మధ్యలో పారే నీళ్లు కావాలి, స్వర్ణముఖిలో బురదనీళ్లు వస్తుంటే ఏం ఉతుకుతారు? అరవై పీసులతో తెరవాలనుకున్నాను, ఈరోజుకి 38 ఉన్నాయి. చేత్తో వేసింది కాబట్టి ఏ రెండూ ఒకటి కావు, ప్రతిదానికీ స్టాక్ ఒక్క పీసే. దుకాణంలో అమ్మిందే సైట్‌లో కూడా అమ్ముడుపోతే ఇంకో పదకొండు ఫోన్లు చేయాలి. సైట్ పీసుల్ని అందుకే వేరే బీరువాలో పెట్టాను.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదులు చూసే మనిషి పేరు సైట్‌లో ఉండాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. ఆ మనిషి నేనే. మోసం అన్న ఆ ఇద్దరూ మళ్లీ కోప్పడాలన్నా అక్కడికే రాయొచ్చు.

ఈలోపు కావాల్సినవాళ్లు వాట్సాప్‌లో అడిగితే ఉన్న చున్నీల ఫోటోలు పంపిస్తాను, కొత్త డిజైన్లు మాత్రం అడగొద్దు. పాత లింక్ మీరు ఎవరికైనా పంపి ఉంటే, అందులో కనిపించిన ధర తప్పని వాళ్లకు ఒక్క మాట చెప్పండి. దుకాణం రోజూ పదిన్నరకి తీస్తాను. గురువారం ఉండను, కాళహస్తిలో ఎండ వచ్చిందేమో చూడ్డానికి వెళ్తున్నా.