రోజూ తిరిగే దారికి సరిపోయే కారు

సంపాదకులు గారికి,

నమస్కారం.

2025 సెప్టెంబరు 22న కార్లపై జీఎస్టీ తగ్గినప్పటి నుంచి మా హనుమకొండలో నలుగురు కలిసిన చోటల్లా కారు ప్రస్తావన రాకుండా ఉండడం లేదు. స్కూటరు నుంచి కారుకు మారాలనుకునేవారు, పాత చిన్న కారు ఇచ్చివేసి ‘పెద్ద బండి’ తీసుకోవాలనుకునేవారు చివరకు వచ్చి ఆగేది ఒకే ప్రశ్న దగ్గర: ఎత్తుగా, పెద్దగా ఉండే ఎస్‌యూవీ తీసుకోవాలా, చిన్న కారు సరిపోతుందా? మా ఇంట్లోనూ రెండు నెలలుగా ఇదే చర్చ. మా అబ్బాయికి ఎస్‌యూవీ కావాలి, నాకు వద్దు. మీ పత్రికలోని వాహనాల పేజీ అతని పక్షాన ఉన్నట్లు కనిపిస్తున్నందున నా వాదనను మీకే రాసుకుంటున్నాను.

నేను బ్యాంకులో పనిచేసి పదవీ విరమణ పొందినవాణ్ని. ఉద్యోగంలో చివరి తొమ్మిదేళ్లు వాహన రుణాల దరఖాస్తులు నా బల్ల మీదుగానే వెళ్లేవి. రుణానికి వచ్చినవారిని ఈ బండే ఎందుకని అడగవలసిన పని నాకు లేదు గాని, ఆదాయపు కాగితాలు నేను సరిచూస్తున్నంతసేపూ వారే చెబుతూ ఉండేవారు. పెద్ద బండి ఎంచుకున్నవారి నోట నేను ఎక్కువగా విన్న పేరు మేడారం. కుటుంబమంతా కలిసి జాతరకు వెళ్లాలి, తాడ్వాయి దాటాక అడవి దారి, పైగా నిలువెత్తు బంగారం మొక్కు ఉంటే మనిషి బరువుకు సరితూగే ఆ బెల్లం కూడా బండిలోనే రావాలి. ఈ కారణాన్ని నేను తేలికగా తీసుకోను. అయితే సమ్మక్క సారలమ్మల మహాజాతర రెండేళ్లకు ఒకసారి, నాలుగు రోజులు జరుగుతుంది. మిగిలిన 726 రోజులూ ఆ బండి సుబేదారి నుంచి హనుమకొండ చౌరస్తాకు, అక్కడి నుంచి కాజీపేటకో వరంగల్ స్టేషన్ రోడ్డుకో తిరగవలసిందే. పండుగ నాటి పందిరిని ఏడాది పొడవునా వాకిట్లో ఉంచుకుని, దాని గుంజలు తప్పించుకుంటూ నడిచినట్లు ఉంటుంది ఈ వ్యవహారం.

బ్యాంకు అలవాటు కొద్దీ నేను కారుకు కూడా ఒక లెక్కల పుస్తకం పెట్టుకున్నాను. గత ఏడాది మా చిన్న కారు తిరిగింది 9,640 కిలోమీటర్లు. ఊరు దాటి వెళ్లింది పదకొండుసార్లు. ఆ పదకొండు ప్రయాణాల్లో కారులో ఐదుగురం కూర్చున్నది మూడుసార్లే. మిగతా రోజుల్లో నేనొక్కణ్నే, లేదా నేనూ నా భార్యా. ఎవరైనా ఒక ఏడాది ఇలా రాసి చూసుకుంటే, కారు విషయంలో సలహా కోసం మరొకరిని అడగవలసిన అవసరం చాలా వరకు తీరిపోతుందని నా నమ్మకం.

ఇక ఊళ్లో తిరగడం ఎలాంటిదో ఈ నగరం తెలిసినవారికి విడమరచి చెప్పనక్కరలేదు. 163వ నంబరు జాతీయ రహదారిపై హైదరాబాద్ వెళ్లేటప్పుడు పెద్ద బండి హాయిగానే ఉంటుంది. దాన్ని నేను కాదనను. అదే బండితో వరంగల్ చౌరస్తా దాటి బట్టల బజారు వైపో, పిన్నవారి వీధిలోకో మలుపు తిరిగి చూడాలి. 1983లో మొదలైన మారుతి 800 తరువాతి నమూనా పొడవు 3.3 మీటర్లు, వెడల్పు 1.44 మీటర్లు. ఇప్పటి ఆల్టో కే10 పొడవు మూడున్నర మీటర్లు, వెడల్పు 1.49 మీటర్లు. ఎస్‌యూవీల్లో క్రెటా 4.33 మీటర్ల పొడవు, 1.79 మీటర్ల వెడల్పు ఉంటుంది. స్కార్పియో-ఎన్ అయితే 4.66 మీటర్ల పొడవు, 1.92 మీటర్ల వెడల్పు. బంపరుకు బంపరు ఆనించి నిలిపితే మూడు స్కార్పియోలు పట్టే జాగాలో దాదాపుగా నాలుగు ఆల్టోలు పడతాయి. మన గల్లీలు మాత్రం 1983లో ఎంత వెడల్పు ఉన్నాయో ఇప్పుడూ అంతే ఉన్నాయి. ఇళ్ల ముందు మెట్లూ ర్యాంపులూ ముందుకు జరిగిన చోట ఇంకా తగ్గాయి.

మా గల్లీ పదిహేను అడుగులది. ఒక పక్కన గోడ వారగా వ్యాగన్‌ఆర్ నిలిపి ఉంటే పొద్దున స్కూలు బస్సు నెమ్మదిగా దాటుకుని పోతుంది. అదే చోట పెద్ద బండి ఉన్న రోజు డ్రైవరు హారన్ కొడుతూ ఆగిపోవాలి, యజమాని బనియను మీదనే తాళం చెవి పట్టుకుని పరుగెత్తుకు రావాలి. రెంటి మధ్య వెడల్పులో తేడా ఒక్క అడుగే. పదిహేను అడుగుల గల్లీలో ఆ ఒక్క అడుగు విలువ ఎంతో రోజూ ఎనిమిది గంటలకు మాకు తెలుస్తుంది.

అసలు ఎస్‌యూవీ అనే పేరే ఇప్పుడు అయోమయంగా మారింది. పన్ను లెక్కలో చిన్న కారు అంటే పొడవు నాలుగు మీటర్లకు, పెట్రోలు ఇంజిను 1200 సీసీకి, డీజిలు ఇంజిను 1500 సీసీకి మించనిది. పెట్రోలు చిన్న కార్లపై సెస్సుతో కలిపి 29 శాతం ఉన్న పన్ను ఇప్పుడు 18 శాతం అయింది. పెద్ద ఎస్‌యూవీలపై 50 శాతం ఉన్నది 40 శాతానికి దిగింది. పంచ్, నెక్సాన్ వంటి బండ్లను షోరూములో ఎస్‌యూవీ అనే అమ్ముతారు, పన్ను లెక్కలో వాటి పెట్రోలు రకాలు చిన్న కార్లే. ఇంకొక సంగతి. ఎస్‌యూవీ అనగానే నాలుగు చక్రాలకూ ఇంజిను శక్తి అంది, బురదలోంచి అదే లాక్కుని వస్తుందని చాలామంది అనుకుంటారు. పంచ్, నెక్సాన్, వెన్యూ, క్రెటా అన్నీ ముందు చక్రాలతోనే నడిచేవి, మా పాత చిన్న కారు లాగే. నాలుగు చక్రాలకూ శక్తి అందే బండి నిజంగా అవసరమైనవారు, అంటే ఏటూరునాగారం, కన్నాయిగూడెం వైపు వాగులు దాటి ఊళ్లకు వెళ్లవలసిన ఉద్యోగం ఉన్నవారు, కొనే ముందు ఆ ఒక్క మాట గట్టిగా అడిగి తెలుసుకోవాలి.

ఎస్‌యూవీ పక్షాన చెప్పే వాటిలో నేను పూర్తిగా ఒప్పుకునేది కారు అడుగు నేలకు తగలకపోవడం. ఐదుగురితో వెళుతున్నప్పుడు మా కాలనీ మలుపులోని స్పీడ్ బ్రేకరుకు నా కారు అడుగు రాసుకుని, సైలెన్సరు దెబ్బతిని, రెండు రోజులు మెకానిక్ దగ్గర వదిలివేయవలసి వచ్చింది. ఆ రోజు మా అబ్బాయి ఏమీ అనలేదు గాని, అతని చూపు నాకు అర్థమైంది. చిన్న కార్లకు నేల నుంచి 160 మిల్లీమీటర్ల పైచిలుకు ఎత్తు ఉంటుంది, మనుషులు ఎక్కితే అది తగ్గుతుంది. నెక్సాన్ వంటి వాటికి 200 దాటి ఉంటుంది. కాని తప్పు ఎవరిదని కూడా చూడాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకరు పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పుతో, చేట బోర్లించినట్లు నునుపుగా లేచి దిగాలి. అలా కట్టిన దానిపై ఏ చిన్న కారుకూ అడుగు తగలదు. మన గల్లీల్లో కనిపించేవి ఇల్లు కట్టగా మిగిలిన సిమెంటుతో ఇంటివారే రాత్రికి రాత్రి పోసుకున్న దిమ్మెలు. అధికారులు ఆ దిమ్మెలను తొలగించి ప్రమాణం ప్రకారం కట్టిస్తే తీరిపోయే ఇబ్బందికి, ఒక్కొక్క కుటుంబం ఏడెనిమిది లక్షలు అదనంగా పెట్టి ఎత్తు బండి కొనుక్కోవడం నాకు వింతగా తోస్తుంది.

మోకాళ్ల సంగతి కూడా నిజమే. నా భార్యకు మోకాళ్ల నొప్పులు. కిందికి కూరుకుపోయినట్లుండే సీట్లో కూర్చుని లేవడం ఆమెకు కష్టం. అయితే షోరూములో రెండు బండ్లూ ఎక్కించి చూశాను. బాగా ఎత్తైన ఎస్‌యూవీలోకి ఎక్కాలంటే పైనున్న పిడి పట్టుకుని మెట్టు మీద కాలు వేయాలి, అది ఆమెకు ఇంకా కష్టమైంది. నిటారుగా, ఎత్తుగా ఉండే వ్యాగన్‌ఆర్ వంటి చిన్న కారులో సీటు సరిగ్గా నడుము ఎత్తుకు వచ్చింది. కుర్చీలో కూర్చున్నట్లు కూర్చుని కాళ్లు లోపలికి తిప్పుకుంది. పెద్దవాళ్ల కోసం బండి కొనేవారు పెద్దవాళ్లను షోరూముకు తీసుకెళ్లడం మంచిది. దరఖాస్తుల్లో తల్లిదండ్రుల పేరు చెప్పి బండి కొన్నవారిలో ఎంతమంది వారిని ముందుగా ఎక్కించి చూశారో నాకు అనుమానమే.

వానల విషయంలో మాత్రం ఎత్తు బండి ఇచ్చే ధైర్యమే ప్రమాదమని నా అభిప్రాయం. 2023 జూలై చివరి వారంలో నయీంనగర్, హంటర్ రోడ్డు ప్రాంతాలు ఎలా మునిగాయో చూసినవారం. అదే వానలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది, మోరంచపల్లి ఊరు నీళ్లలో చిక్కుకుంది. పారే నీరు ఒక అడుగు లోతు ఉంటే చాలా చిన్న కార్లను తేలుస్తుంది, రెండడుగులుంటే ఎస్‌యూవీలతో సహా ఎక్కువ వాహనాలను కొట్టుకుపోయేలా చేస్తుంది. అంటే పెద్ద బండి మనకు ఇచ్చే వెసులుబాటు మహా అయితే ఒక అడుగు. మబ్బు కమ్మిన సాయంత్రం లోలెవల్ కాజ్‌వే మీద నీరు ఒక అడుగుందో రెండడుగులుందో సీట్లో కూర్చుని చెప్పగలిగినవారెవరు? చిన్న కారు నడిపేవాడు భయపడి వెనక్కి తిప్పుకుంటాడు. ఆ భయం మంచిదే.

భద్రత గురించి కొంచెం వివరంగా రాయనివ్వండి, ఎందుకంటే మా అబ్బాయి ప్రధాన వాదన అదే. రెండు బండ్లు ఢీకొన్నప్పుడు బరువైన దానిలో ఉన్నవారికి దెబ్బ తక్కువ తగులుతుందన్నది నిజం. కాని ఎత్తూ బరువూ ఉన్నంత మాత్రాన బండి గట్టిదని అనుకోకూడదు. కార్లను ఢీకొట్టించి చూసి భద్రతకు ఐదు వరకు నక్షత్రాలు ఇచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ 2016లో ఎయిర్‌బ్యాగులు లేని అప్పటి స్కార్పియోను పరీక్షించినప్పుడు వయోజన ప్రయాణికుల భద్రతకు ఒక్క నక్షత్రం కూడా రాలేదు. 2020లో ఆల్ట్రోజ్ వంటి మామూలు హ్యాచ్‌బ్యాక్ చిన్న కారుకు, 2024లో కొత్త డిజైర్ కారుకు అదే సంస్థ పరీక్షలో ఐదు నక్షత్రాలు వచ్చాయి. 2022లో వచ్చిన స్కార్పియో-ఎన్ కూడా ఐదు నక్షత్రాలు తెచ్చుకుంది. కాబట్టి చూడవలసింది ఎత్తును కాదు, ఆ నమూనాకు వచ్చిన ఫలితాన్ని. 2023 అక్టోబరు నుంచి మన దేశంలోనే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు జరుగుతున్నాయి, ఫలితాలు అందరికీ అందుబాటులో ఉన్నాయి.

మరొక వైపు నుంచి కూడా చూడాలి. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, అందులో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారు, 19.5 శాతం నడిచి వెళుతున్నవారు. మన బంపరు ముందు ఉండేది ఎక్కువసార్లు మరో కారు కాదు, ఎంజీఎం ఆసుపత్రి ముందు రోడ్డు దాటే మనిషి, పోచమ్మ మైదాన్‌లో స్కూటీ మీద వెళ్లే అమ్మాయి. కారు తక్కువ ఎత్తుదైతే తగిలిన మనిషి కాళ్లకు దెబ్బ తగిలి బానెట్ మీదికి ఒరుగుతాడు. నిలువుగా, ఎత్తుగా ఉన్న ముందుభాగం నడుముకో ఛాతీకో తగిలి కిందికి పడవేస్తుంది. రోడ్డు భద్రతను పరిశీలించే అమెరికాలోని ఐఐహెచ్‌ఎస్ సంస్థ 2023లో ప్రకటించిన పరిశీలనలో, బానెట్ ఎత్తు 40 అంగుళాలు దాటిన వాహనాలు తగిలినప్పుడు పాదచారి చనిపోయే అవకాశం, 30 అంగుళాలలోపు ఉండి ముందుకు వాలిన వాటితో పోలిస్తే, దాదాపు 45 శాతం ఎక్కువని తేలింది. అక్కడి బండ్లు మన వాటికంటే భారీవి కనుక ఆ అంకెను యథాతథంగా ఇక్కడికి తేలేము. కాని మా గల్లీలో గేటు ముందు ఆడుకునే నాలుగేళ్ల పిల్లవాడు ఎత్తైన బానెట్ వెనుక నుంచి కనిపించడన్నది ఏ పరిశీలనా లేకుండానే తెలిసేది.

డబ్బు సంగతి నా వృత్తి కాబట్టి క్లుప్తంగానే ముగిస్తాను. అదనంగా తీసుకునే ప్రతి లక్షకూ 9 శాతం వడ్డీతో ఏడేళ్లకు నెలకు సుమారు 1,609 రూపాయల ఈఎంఐ పడుతుంది; ఎనిమిది లక్షలకు దాదాపు 12,870. ఊళ్లో చిన్న కారు లీటరుకు 18, పెద్దది 12 కిలోమీటర్లు ఇస్తాయనుకుంటే, ఏడాదికి పదివేల కిలోమీటర్లపై లీటరు 107 రూపాయల చొప్పున తేడా దాదాపు 30 వేలు. 2022 జూన్ నుంచి అమలులోకి వచ్చిన రేట్లలో థర్డ్ పార్టీ బీమా ప్రీమియం 1000 సీసీ లోపు కారుకు 2,094 రూపాయలు, 1500 సీసీ దాటితే 7,897. ధర పది లక్షలు దాటితే మన రాష్ట్రంలో జీవితకాల పన్ను శాతమూ పెరుగుతుంది. ఏడుగురున్న ఉమ్మడి కుటుంబమైతే ఈ ఖర్చుకు అర్థముంది. ముగ్గురున్న ఇంట్లో ఆ నాలుగు ఖాళీ సీట్లకు ఎవరు వాయిదా కడుతున్నారో ఆలోచించుకోవాలి.

మీకు నా విన్నపం ఒకటే. మీ వాహనాల పేజీలో కొత్త బండి గురించి రాసేటప్పుడు తెర ఎన్ని అంగుళాలో, పైకప్పు ఎంత తెరుచుకుంటుందో రాస్తున్నారు. వాటితోపాటు అద్దాలు తెరిచి ఉన్నప్పటి వెడల్పు, బానెట్ ఎత్తు, ఎంత జాగాలో మలుపు తిరుగుతుంది, ఊరి ట్రాఫిక్‌లో లీటరుకు ఎంత ఇచ్చింది అన్నవి కూడా రాయించగలరు. మా అబ్బాయి వచ్చే ఆదివారం మళ్లీ షోరూముకు వెళుతున్నాడు. మా ఇంటి గేటు వెడల్పు ఏడడుగులు. ఈసారి టేపు తీసుకుని వెళ్లమన్నాను, సరేనన్నాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
హనుమకొండ