మామా, ఎస్టేట్ కొనేశాన్రా

ఒరేయ్ మామా,

ఫోన్లో చెబితే మధ్యలోనే తిట్లు మొదలుపెడతావని ఉత్తరం రాస్తున్నాను, మొత్తం చదివాక తీరిగ్గా తిట్టుకో. టాటా ఎస్టేట్ కొన్నాను, అదేరా, వెనక డిక్కీ పొడుచుకురాకుండా పైకప్పు చివరిదాకా సాగే పొడుగు కారు. 1996 మోడల్, డీజిల్, ఏపీ 7 నంబరు, రంగు తెలుపు, అంటే ఒకప్పుడు తెలుపు. ఎనభై అయిదు వేలు. మా ఆవిడకి అరవై అని చెప్పాను కాబట్టి ఇంటికొచ్చినప్పుడు నోరు జారకు.

మీ బాబాయిగారి బండి గుర్తుంది కదా. నున్న మార్కెట్ నుంచి మామిడికాయల గంపలు వెనక పడేసి, వాటి సందుల్లో మనిద్దర్నీ కూడా గంపల్లాగే కుక్కి తీసుకొచ్చేవాడు, మనం వెనక అద్దానికి మొహాలు ఆనించి లారీ డ్రైవర్లని వెక్కిరించేవాళ్లం, ఇంటికొచ్చేసరికి చొక్కాల నిండా సొన మరకలు, ఇద్దరికీ వీపు విమానం మోత. ఆ బండి తర్వాత ఎటు పోయిందో మీ బాబాయికే గుర్తులేదు. నాకు మాత్రం రోడ్డు మీద ఆ ఆకారం కనపడితే మెడ తిప్పి చూసే జబ్బు ఇప్పటికీ పోలేదు. అసలు కనపడితే కదా! లారీలు చేసే కంపెనీ 1991లో సియెర్రా, మరుసటి ఏడాది ఈ ఎస్టేట్ తెచ్చింది. పక్కనుంచి చూస్తే పాత బెంజి వ్యాగన్ అనుకుంటాం. అయినా మనవాళ్లకి డిక్కీ బయటికి పొడుచుకొస్తేనే కారు, లేకపోతే అది అంబులెన్సో శవాల బండో. ఆ తర్వాత బలేనో ఆల్టురా, ఇండిగో మెరీనా, ఆక్టావియా కాంబీ వచ్చాయి, అన్నిటికీ అదే గతి. పెళ్లికి నాలుగు సూట్‌కేసులు, రెండు బిందెలు, ఒక అత్తగారు పట్టే బండిని వద్దనుకున్న జాతి మనది.

దీనికంటే ముందు ఒక మెరీనా చూశాను, సింగ్‌నగర్‌లో. నలభై వేలన్నాడు. కడిగి, పాలిష్ కొట్టి, అగరొత్తి కూడా వెలిగించి పెట్టాడు, ఆ అగరొత్తి దగ్గరే నాకు అనుమానమొచ్చింది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు ముంచినప్పుడు ఆ వీధుల్లో ఎన్ని కార్లు పైకప్పు దాకా మునిగాయో మనం చూశాం కదా. సీట్ బెల్టు మొత్తం బయటికి లాగి చూశాను. పైన రెండడుగులు శుభ్రంగా ఉంది, ఇంకా లాగితే లోపల చుట్టలో ఎండిన ఒండ్రు గీత. స్టెప్నీ గుంటలో మట్టి, సీటు కింద బోల్టులన్నీ చిలుం. బెల్టు చివరిదాకా ఎవడూ కడగడు మామా, ఇది గుర్తుపెట్టుకో. "వాన నీళ్లండీ" అన్నాడు. సరే బాబూ అని దణ్ణం పెట్టి వచ్చేశా.

ఈ ఎస్టేట్ గుంటూరులో దొరికింది, బ్రాడీపేటలో. యజమాని మిర్చి వ్యాపారి, ఇప్పుడు పెద్దాయన. నాలుగేళ్ల నుంచి షెడ్డులో పెట్టి కదపలేదట గానీ వారానికోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు నడిచే ఇంజన్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడట. అమ్మడానికి ఇష్టం లేదు, ఇల్లు అపార్టుమెంటుకి ఇచ్చేస్తున్నారు కాబట్టి తప్పలేదు. బేరం ఎంతసేపు ఆడాననుకుంటున్నావు, గంటన్నర. లక్షా పదితో మొదలై ఎనభై అయిదు దగ్గర ఆగింది. ఆయన చివరికి "నాయనా, విడగొట్టి అమ్ముకోవుగా?" అని అడిగాడు, అమ్మనన్నాను, అప్పుడు ఇంకో అయిదు తగ్గించమని అడగాల్సింది, నోరు రాలేదు.

తలుపు తీయగానే తుమ్ములు. కిందున్న మ్యాట్ ఎత్తితే గుప్పెడు మిరప గింజలు! ఇరవై ఏళ్లు మిర్చి యార్డుకీ కోల్డ్ స్టోరేజీకీ శాంపిల్ సంచులు మోసిన బండి కదా, ఆ ఘాటు ఫెల్ట్‌లోకి, సీటు స్పాంజిలోకి దిగిపోయింది. బ్లోయర్ వేస్తే ఎర్ర దుమ్ము మొహాన కొట్టింది. కళ్లు మంటెత్తి, ముక్కు కారుతూ బేరమాడాను, పెద్దాయన నేను ఏడుస్తున్నాననుకున్నాడేమో పాపం.

చూడాల్సినవి చూశానులే, అంత గుడ్డిగా కొనలేదు. జేబులో అయస్కాంతం, స్క్రూడ్రైవర్, అంతే. అయస్కాంతం రేకుకి అంటుకుంటే ఇనుము, జారిపోతే లప్పం. ముందు తలుపులు బాగానే ఉన్నాయి. వెనక తలుపు కింది అంచు, చక్రం గూళ్లు మాత్రం సగం లప్పమే. వెనక పక్క అద్దాల రబ్బరు బీడింగ్ ఎండి పగిలిపోయింది, వానల్లో నీళ్లు అందులోంచి దిగి ఫెల్ట్ కింద నిలబడ్డాయి, అక్కడ ఫ్లోరు అప్పడంలా ఉంది, స్క్రూడ్రైవర్ పెడితే దిగిపోయింది. దానికి నేను భయపడలేదు. ఇది ఛాసిస్, అంటే కింది ఇనప చట్రం మీద బాడీ కూర్చోబెట్టిన బండి, ఫ్లోరు కోసి కొత్త రేకు వేసుకోవచ్చు. ఛాసిస్ తిన్నగా ఉండాలి, అదే దీని ప్రాణం. కింద పడుకుని ఈ చివర్నుంచి ఆ చివరిదాకా కొట్టుకుంటూ వెళ్లాను, ప్రతిచోటా ఖణేల్మంది. టైర్ల మీద చివరి నాలుగంకెలు 3209, అంటే 2009లో ముప్ఫై రెండో వారం. మనుషులైతే ఓటు హక్కు దగ్గర పడేది వాటికి!

ఇంటికి తీసుకురావడం ఒక పెద్ద కథ. గుంటూరు నుంచి విజయవాడ ముప్ఫై అయిదు కిలోమీటర్లు, మామూలుగా గంట కూడా పట్టదు, నాకు నాలుగు గంటలు. కాజ టోల్‌గేటు దాటేసరికి ఇంజన్ వేడి చూపించే సూది ఎక్కడం మొదలైంది. మంగళగిరి దగ్గర పక్కకి ఆపి, చల్లారాక రేడియేటర్ మూత తీసి నీళ్లు పోశా. పోస్తూనే ఉన్నా. కొండ మీద పానకాల స్వామి ఎంత పానకం పోసినా సగం తాగి సగం మనకి వదిలేస్తాడు కదా, నా రేడియేటర్‌కి ఆపాటి దయ కూడా లేదు, మొత్తం తాగేసి కింద నుంచి వదిలేసింది. పక్కనే చెరకురసం బండి అబ్బాయి రెండు బిందెలు ఇచ్చాడు, డబ్బులిస్తే వద్దని "అన్నా, ఇదేం కారు, ఇంపోర్టెడా?" అని అడిగాడు. ఆ ఒక్క మాటకి అలసట మొత్తం పోయింది. వారధి మీదికొచ్చేసరికి చీకటి, హెడ్‌లైట్లు కొవ్వొత్తుల్లా ఉన్నాయి, బ్రేకు తొక్కితే బండి ఎడమకి లాగుతోంది, కుడిచేతి వైపు ముందు చక్రానికి బ్రేకు పట్టట్లేదని అప్పుడే అర్థమైంది. ఇంకోసారి అలా తేను, రికవరీ వ్యాన్ మీద తెస్తాను. ఆ రాత్రి చేసింది తప్పే, ఒప్పుకుంటున్నా.

ఇప్పుడు బండి ఆటోనగర్‌లో ఉంది. ఈ ఊళ్లో పుట్టినందుకు ఇన్నాళ్లకి ఒక ఉపయోగం కనపడింది మామా. ఒక వీధిలో రేడియేటర్లు, ఇంకో వీధిలో కమాన్ పట్టీలు, లేత్ పనులు, పంపు నాజిళ్లు, సీటు కవర్లు, అన్నీ నడిచే దూరంలోనే. రేడియేటర్ విప్పితే లోపల గొట్టాల నిండా తెల్లటి చిట్టెం. కూలెంట్ అనేది పోయకుండా ఇరవై ఏళ్లు బోరు నీళ్లు పోశారు. ఇది పాతకాలపు రాగి ఇత్తడి రేడియేటర్, ట్యాంకు ఊడదీసి ఒక్కో గొట్టంలో సన్నటి కమ్మీ దూర్చి శుభ్రం చేసి మళ్లీ అతికారు. థర్మోస్టాట్ వాల్వు, అంటే ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి పోనివ్వనిది, అసలు లేదు. మనవైపు మెకానిక్కులకి ఇదొక అలవాటు కదా, బండి వేడెక్కితే ముందు అది పీకి పారేస్తారు. అది లేకపోతే ఇంజన్ ఉండాల్సిన వేడికి రాదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది. కొత్తది వేయమంటే మేస్త్రి "ఎందుకు సార్, మన ఎండలకి" అన్నాడు. వేయించాను.

ఇంజన్ గురించి టెన్షన్ లేదు. 1948 సీసీ, అరవై చిల్లర హార్స్‌పవర్, 1994లో వచ్చిన సుమోలో పెట్టింది కూడా ఇదే, కాబట్టి పిస్టన్లు, రింగులు, గ్యాస్‌కెట్లు అన్నీ దొరుకుతున్నాయి. మేస్త్రి ఇంజన్ ఆన్‌లో ఉండగా ఆయిల్ మూత తిరగేసి ఆ కన్నం మీద పెట్టాడు. లోపల అరిగిపోయి ఉంటే గ్యాస్ తన్ని మూత ఎగిరిపోతుంది, ఇది కొంచెం వణికింది గానీ ఎగిరి పడలేదు. "సిలిండర్ బోరు ఇంకా అరగలేదు సార్, ఇప్పుడు విప్పకండి" అన్నాడు. పని వద్దనే మేస్త్రిని జీవితంలో మొదటిసారి చూశాను, ఇతన్ని వదలను. చల్లటి ఇంజన్‌ని స్టార్టింగ్‌కి వేడిచేసే హీటర్ ప్లగ్గులు నాలుగింట్లో రెండు చచ్చాయి, అందుకే పొద్దున్నే స్టార్ట్ చేస్తే వీధంతా తెల్లపొగ. ఇంజన్లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు పట్టుకుని, డీజిల్ పంపులు బాగుచేసే భాయ్ దగ్గరికి వెళ్లాం. ఆయన ఒక్కోదాన్నీ చేతిపంపుకి బిగించి కొట్టి చూపించాడు. మంచి నాజిల్ దోమల మందులా పొగమంచు చిమ్మాలి, మావాటిలో మూడోది ముక్కు కారినట్టు కారింది. ఆ చుక్కలే సరిగ్గా కాలక టకటకమని చప్పుడు. పది నిమిషాల్లో అన్నీ అర్థమయ్యేలా చెప్పాడు, మన ఇంజినీరింగ్ కాలేజీలో నాలుగేళ్లలో ఎవరూ చెప్పలేదు.

గొడవంతా టింకరింగ్, అంటే రేకు పని దగ్గరే. మొదటి షెడ్డు వాడు ఫ్లోరు మీద ఫైబర్ అతికించి, పైన లప్పం పట్టించి పాతిక వేలకి ఇచ్చేస్తానన్నాడు. రెండేళ్ల తర్వాత నా కాళ్లు రోడ్డు మీద ఉంటాయి. రెండో మేస్త్రి ముసలాయన, బస్ బాడీల దగ్గర పని నేర్చినవాడు. కుళ్లిన చోటల్లా కోసి 18 గేజి రేకు వంచి వేస్తానన్నాడు, అరవై వేలు. నేను పెట్టిన షరతు ఒక్కటే, గ్యాస్ వెల్డింగ్ వద్దు, సీఓటూ వెల్డింగే కావాలి. గ్యాస్ మంటకి పల్చటి రేకు అలలు తిరిగిపోతుంది. రెడ్ ఆక్సైడ్ కూడా వద్దన్నాను, అది తేమ పీలుస్తుంది, ఎపాక్సీ ప్రైమర్ కొట్టమన్నాను. ఆయన నన్నోసారి ఎగాదిగా చూసి "యూట్యూబా?" అన్నాడు. అవునన్నాను, దాచడం ఎందుకు.

మొన్న మంగళవారం నా గుండె ఆగినంత పని అయ్యింది. టింకర్ కుర్రాడు గ్రైండర్ పట్టుకుని ఛాసిస్ మీద తుప్పు గీకుతూ సరిగ్గా ఛాసిస్ నంబరు మీదికి వచ్చేశాడు. నేను అరిచిన అరుపుకి పక్క షెడ్డులో వాళ్లు కూడా పని ఆపేశారు. ఆ అంకెలు పోతే ఇక ఆ బండి ఇనప ముక్క, ఏ ఆఫీసూ దాన్ని కారని ఒప్పుకోదు. వెంటనే కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది నాలుగు ముద్రలు తీసుకున్నా, గ్రీజు పూసి టేపు వేశా.

కాగితాల సంగతి చెబితే నీకు బీపీ వస్తుంది. పెద్దాయన పద్ధతి గల మనిషి, పదిహేనేళ్లు నిండాక 2011లో, 2016లో, 2021లో తప్పకుండా రెన్యూవల్ చేయించాడు, 2026 జులై దాకా ఆర్‌సీ ఉంది. ఇప్పుడు నా వంతు. 2022 నుంచి పదిహేనేళ్లు దాటిన కార్లకి రెన్యూవల్ ఫీజు 5,000 చేశారు, 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటినవాటికి 10,000 చేశారు, గ్రీన్ ట్యాక్స్ వేరే. అది కట్టేస్తాను. కానీ ఆర్‌సీ మీద ఇంకా ఒక ఫైనాన్స్ కంపెనీ పేరు కూర్చుని ఉంది. అప్పు ఎప్పుడో తీరింది, కంపెనీ ఎప్పుడో మూతపడింది, పేరు మాత్రం పోలేదు. అది తీయించకుండా నా పేరుకి మారదు. పెద్దాయన ట్రంకుపెట్టె వెతికి అప్పు తీరిందని ఆ కంపెనీ ఇచ్చిన 1999 నాటి ఎన్ఓసీ, ఆర్‌సీ మీంచి తమ పేరు తీసేయమని సంతకం పెట్టిన ఫారం 35 తీసిచ్చాడు, అంచులు ఎలక కొట్టింది గానీ ముద్ర నిలిచింది. దాన్ని ఒప్పుకుంటారో లేదో వచ్చే వారం తేలుతుంది. డబ్బులిచ్చేముందు ఇది చూడలేదా అంటావు. చూశాను రా. చూసి కూడా ఇచ్చాను. నిజానికి నా తెలివి తక్కువతనం మొత్తం ఈ ఒక్క చోటే ఉంది, మిగతాదంతా లెక్క ప్రకారమే చేశాను.

లెక్క అంటే గుర్తొచ్చింది, రంగుతో కలిపి మొత్తం మూడు లక్షలు దాటేలా ఉంది. ఆ డబ్బుకి చక్కటి సెకండ్ హ్యాండ్ చిన్న కారు వస్తుంది, ఏసీ కూడా చల్లగా వస్తుంది. మా ఆవిడ ఈ మాట రోజూ కాఫీతోపాటు ఇస్తోంది. నేను ఆవిడకి బదులు చెప్పడం మానేసి మొన్న బండి దగ్గరికే తీసుకెళ్లాను. వెనక తలుపు పైకెత్తి, సీటు మడిచి చూపించా. కాసేపు చూసి "ఇందులో మా అమ్మావాళ్ల గ్రైండర్ పడుతుందా?" అంది. పడుతుందన్నాను. అంతే, ఇంకేం అనలేదు. దాన్ని అంగీకారం కింద రాసుకున్నాను.

ఇప్పుడు అసలు పని. ఎడమవైపు వెనక లైటు పగిలింది, అది సుమోది సరిపోదు, ఎస్టేట్‌దే కావాలి, ఆటోనగర్ మొత్తం తిరిగాను, లేదు. వెనక పక్క అద్దాల బీడింగ్ కూడా అంతే. నువ్వు హైదరాబాద్‌లో ఉండి ఏం చేస్తున్నావు ఆదివారాలు? ఒక పూట పాత సామాన్ల షాపులన్నీ తిరిగి చూడు. లైటు దొరికితే బల్బు హోల్డర్‌తో సహా తీసుకో, వెనకున్న రిఫ్లెక్టర్ నల్లబడితే వద్దు, రెండు వేల దాకా ఇవ్వు, ఎందుకు కావాలో చెప్పకు, చెబితే అయిదంటారు. బీడింగ్ ముక్క ఒక్క జానెడు దొరికినా చాలు, ఆ అచ్చు చూపిస్తే మీటర్ల లెక్కన చేసిచ్చేవాడు ఇక్కడ ఒకడున్నాడు. పాత లైటు నాలుగు వైపులా తీసిన ఫోటోలు ఇవాళ రాత్రి పంపిస్తాను. మీ బాబాయిని కూడా ఒకసారి అడుగు, పాత బండి సామాను ఏదైనా అటక మీద పడేసి ఉంటాడేమో, ఆయన పారేసే రకం కాదు.

నీ
మామ

తా.క.: వస్తే ముక్కుకి గుడ్డ కట్టుకుని రా. సీట్లు విప్పి నాలుగు రోజులు ఎండలో పెట్టాం, ఇంకా తుమ్ములు ఆగలేదు.