మా దగ్గర టర్న్‌టేబుల్ కొన్నవారికి: సెట్టింగ్ కాగితంలో దిద్దుబాట్లు

మా దగ్గర బెల్టు టర్న్‌టేబుల్ (రికార్డులు మోగించే యంత్రం) కొన్నవారందరికీ నమస్కారం.

పెట్టెలో వేసి పంపుతున్న ఒంటి పేజీ సెట్టింగ్ కాగితంలో తప్పులున్నాయి. అవి మేం రాసిన తప్పులే. పాడైందని వెనక్కి వస్తున్న యంత్రాలను విప్పి చూస్తే చాలావాటిలో చెడిపోయిన భాగం ఒక్కటీ కనిపించడం లేదు. బెల్టు మోటారుకున్న చిన్న చక్రం (పుల్లీ) మీద నుంచి జారి ఉంటుంది, లేదా వెనక ఉన్న చిన్న స్విచ్ తప్పు వైపు ఉంటుంది, లేదంటే ముల్లును మోసే ఆర్మ్ వెనక బరువు, ముందు తూకం కుదిర్చి సున్నా చేయకుండానే, 2 దగ్గర పెట్టి ఉంటుంది. ఈ చివరిదానికి బాధ్యత పూర్తిగా మాదే. ‘బరువును 2 గ్రాములకు తిప్పండి’ అని రాసి ఊరుకున్నాం. అంతకుముందు సున్నా ఎలా చేయాలో రాయలేదు. పైగా అన్ని కార్ట్రిడ్జ్‌లకూ (ముల్లు బిగించి ఉండే చిన్న డబ్బా) అదే 2 అని రాశాం, అది ఇంకో తప్పు. ఆ కాగితం మీ దగ్గరుంటే చించేసి, దాని బదులు ఇది ఉంచుకోండి. ఆ కాగితం చూసి బరువు పెట్టి, ముల్లు కుంగిపోయినా విరిగినా, వారంటీ ఉందా లేదా అని అడగకుండా కొత్త ముల్లు ఇస్తాం.

ముందు బరువు సంగతి. ఆర్మ్ వెనక గుండ్రటి బరువు తిప్పుకునే వీలున్న మోడళ్లకే ఇది వర్తిస్తుంది. మీది పూర్తి ఆటోమేటిక్ అయి, వెనక తిప్పే బరువు లేకపోతే ముల్లు రికార్డు మీద మోపే ఒత్తిడి ఫ్యాక్టరీలోనే అమర్చి ఉంటుంది, దాన్ని ముట్టుకోకండి.

బరువును కడ్డీకి ఎక్కించేటప్పుడు అంకెలున్న వైపు ముల్లు వైపుకు ఉండాలి. ఆర్మ్ రికార్డు మధ్యకు లాక్కుపోకుండా ఆపే యాంటీ-స్కేటింగ్ మీటను 0కు తిప్పండి. ముల్లుకున్న ప్లాస్టిక్ మూత తీసేయండి. మూతతోనే తూకం సరిచేస్తే దాని బరువూ లెక్కలోకి వచ్చేస్తుంది. తర్వాత మూత తీయగానే ముందువైపు తేలికైపోయి, మీరు పెట్టిన అంకె అబద్ధమవుతుంది. ఆర్మ్ తాళం విప్పి, ఎత్తే మీటను కిందికి దించి, చేతి వేలితో ఆర్మ్‌ను పట్టుకుని స్టాండుకూ ప్లాటర్‌కూ (రికార్డు పెట్టే తిరిగే పళ్లెం) మధ్యనున్న ఖాళీలోకి తీసుకురండి. ముల్లు దేనికీ తగలకూడదు. మెల్లగా వేలు వదలండి. ముందువైపు కిందికి పడుతుంటే బరువును వెనక్కి, పైకి లేస్తుంటే ముందుకు జరపండి. ఆర్మ్ ప్లాటర్‌కు సమాంతరంగా గాల్లో తేలుతూ నిలబడిందంటే తూకం కుదిరినట్టే. అప్పుడు ఆర్మ్‌ను స్టాండు మీద పెట్టి తాళం వేయండి.

ఎక్కువమంది పొరపడేది దీని తర్వాతే. అంకెల రింగు చూడటానికి బరువుకు అతుక్కుని ఉన్నట్టే ఉంటుంది, కానీ అది వేరే ముక్క. ఒక చేత్తో వెనక బరువును కదలకుండా పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో రింగును మాత్రమే నెట్టండి. కాస్త బిగుతుగా కదులుతుంది. కడ్డీ మీది గీతకు ఎదురుగా 0 రావాలి. ఇప్పుడు రింగును వదిలేసి, వెనక బరువునే ముందుకు జరిగే వైపు తిప్పండి. ఈసారి రింగు కూడా దానితో పాటే తిరుగుతుంది. గీతకు ఎదురుగా మీకు కావాల్సిన అంకె రాగానే ఆపండి. రింగును ఒక్కదాన్నే 2కు తిప్పి వదిలేస్తే బరువు అంగుళంలో వందో వంతు కూడా కదలదు, ఆర్మ్ ఇంకా గాల్లోనే తేలుతుంటుంది.

కావాల్సిన అంకె కార్ట్రిడ్జ్‌ను బట్టి మారుతుంది. చౌక యంత్రాల్లో ఎక్కువగా కనిపించే ఆడియో-టెక్నికా ఏటీ3600ఎల్‌కు 2.5 నుంచి 3.5 గ్రాములు కావాలి. మా పాత కాగితం చెప్పిన 2 దానికి చాలదు. ఆడియో-టెక్నికా వీఎం95ఈకి 2.0, ఆర్టోఫాన్ 2ఎం రెడ్‌కు 1.8. ఒత్తిడి ఎంత తగ్గితే రికార్డు అంత తక్కువ అరుగుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. చాలినంత ఒత్తిడి లేని ముల్లు గాడి గోడలను వదిలేసి మళ్లీ వచ్చి కొట్టుకుంటుంది. గాడి చెడేది ఆ దెబ్బలకే. తయారీదారు చెప్పిన హద్దులో మధ్య అంకె, లేదా దానికి కాస్త పైన పెట్టుకోవడమే మా సలహా.

చౌక మోడళ్లలో రింగు అంకెలు కొద్దిగా తేడా చూపిస్తాయి. అందుకే తిప్పే బరువున్న ప్రతి మోడల్‌తో ఇకనుంచి చిన్న డిజిటల్ త్రాసు, కార్ట్రిడ్జ్ పేరూ పెట్టాల్సిన గ్రాములూ రాసిన కార్డు పంపుతాం. ఇదివరకే కొన్నవారు అడిగితే అవి విడిగా పంపుతాం. త్రాసుతో కొలిచేటప్పుడు మోటారు ఆపి ఉండాలి, ముల్లు ఆనే చోటు దాదాపు రికార్డు ఎత్తులోనే ఉండాలి. త్రాసు పళ్లెం ఇనుముదైతే కార్ట్రిడ్జ్‌లోని అయస్కాంతం దాన్ని లాగి అంకెను తప్పుగా చూపిస్తుంది. ఒత్తిడి అయ్యాక యాంటీ-స్కేటింగ్‌నూ అదే అంకెకు పెట్టండి. పాట గట్టిగా ఉన్న చోట కుడి స్పీకర్ మాత్రమే చిరిగినట్టు మోగితే దాన్ని కొంచెం పెంచి చూడండి.

ఇప్పుడు స్విచ్. కార్ట్రిడ్జ్ నుంచి వచ్చే సిగ్నల్ 3 నుంచి 5 మిల్లీవోల్టులే. మామూలు ఆంప్లిఫయర్ ఇన్‌పుట్‌కు కొన్ని వందల మిల్లీవోల్టులు కావాలి. ఇదొక్కటే కాదు, రికార్డు చెక్కేటప్పుడు మంద్ర స్వరాలను తగ్గించి, తార స్వరాలను పెంచి చెక్కుతారు. 1954లో ఖాయమైన ఆర్‌ఐఏఏ (అమెరికా రికార్డు కంపెనీల సంఘం) కొలత ప్రకారం ఇది జరుగుతుంది. ఫోనో ప్రీఆంప్ అనే చిన్న ఆంప్లిఫయర్ సిగ్నల్‌ను సుమారు 100 రెట్లు పెంచుతూనే ఈ హెచ్చుతగ్గులను సరిచేస్తుంది. టర్న్‌టేబుల్ నుంచి స్పీకర్ దాకా దారిలో అలాంటిది కచ్చితంగా ఒకటే ఉండాలి. స్విచ్ ‘లైన్’ వైపు ఉంటే టర్న్‌టేబుల్ లోపలిది పనిచేస్తుంది, ‘ఫోనో’ వైపు ఉంటే అది పక్కకు తప్పుకుంటుంది. ఒక్కటీ లేకపోతే వాల్యూమ్ చివరిదాకా తిప్పినా పాట ఎక్కడో దూరంగా, రేకు డబ్బాలోంచి వస్తున్నట్టు సన్నగా వినిపిస్తుంది. రెండు ఉంటే తక్కువ వాల్యూమ్‌లోనే పాట హోరెత్తుతూ చిరిగిపోతుంది. మీ ఆంప్లిఫయర్‌కు ‘ఫోనో’ అనే ఇన్‌పుట్ ఉండి వైర్లు అందులో పెడితే, టర్న్‌టేబుల్ స్విచ్ కూడా ‘ఫోనో’ వైపే ఉండాలి. ఆక్స్ అనే మామూలు ఇన్‌పుట్‌లోనో, లోపలే ఆంప్లిఫయర్ ఉన్న పవర్డ్ స్పీకర్లలోనో పెడితే ‘లైన్’ వైపు ఉండాలి. కొన్ని మోడళ్లలో ఈ స్విచ్ ప్లాటర్ కింద ఉంటుంది, ప్లాటర్ ఎత్తితే తప్ప కనిపించదు. వాల్యూమ్ పూర్తిగా తగ్గించాకే స్విచ్ మార్చండి.

మోటారు తిరుగుతున్నా ప్లాటర్ కదలకపోతే బెల్టు పుల్లీకి ఎక్కలేదన్నమాట. ప్లాటర్ మీది కంతను మోటారు పుల్లీ పైకి తెచ్చి, బెల్టుకు కట్టిన రిబ్బన్‌ను లాగి పుల్లీకి తగిలించి, రిబ్బన్ తీసేయండి. కరెంటు పెట్టకముందే ప్లాటర్‌ను చేత్తో సవ్యదిశలో 10 చుట్లు తిప్పితే మెలిక ఉన్నా సర్దుకుంటుంది. మెలిక పడ్డ బెల్టుతో పాట ఊగిసలాడుతుంది. నిలకడగా సాగే వీణ తీగ నాదంలో అది వెంటనే తెలిసిపోతుంది. పుల్లీకి రెండు మెట్లున్న మోడళ్లలో సన్న మెట్టు నిమిషానికి 33⅓ చుట్ల వేగానికి, లావు మెట్టు 45కు. వేళ్ల జిడ్డు అంటినా బెల్టు జారుతుంది. బెల్టునూ పుల్లీనీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన బట్టతో తుడిచి, ఆరాక ఎక్కించండి.

వేగం సరిగ్గా ఉందో లేదో చూడటానికి పరికరమేమీ అక్కర్లేదు. ప్లాటర్ అంచున చిన్న టేపు ముక్క అంటించి, రికార్డు మోగుతుండగా 100 చుట్లు లెక్కపెట్టండి. 33⅓ వేగానికి సరిగ్గా 3 నిమిషాలు పట్టాలి. 179 నుంచి 181 సెకన్ల మధ్య వస్తే తేడా సుమారు అర శాతమే, దాన్ని అలాగే వదిలేయండి. 176 లాంటి అంకె వస్తే మాత్రం సరిచేయాలి. చాలా మోడళ్లలో అడుగున, మోటారు దగ్గర, రెండు చిన్న కంతల్లో 33కూ 45కూ వేర్వేరు స్క్రూలుంటాయి. ఒకేసారి ఎనిమిదో వంతు చుట్టుకు మించి తిప్పకుండా, తిప్పిన ప్రతిసారీ లెక్క చూసుకోండి. చుట్ల లెక్క ఒక్కోసారి ఒక్కోలా వస్తుంటే స్క్రూ జోలికి పోవద్దు, ముందు బెల్టు మార్చండి.

పాట ఎగిరి గంతేస్తోందన్న ఫిర్యాదుకు మేం మొదట అడిగేది ఒకటే: ప్రతిసారీ ఒకే చోటా, వేర్వేరు చోట్లా? ఒకే చోటైతే రికార్డు మీద గీతో మురికో ఉంది. వేర్వేరు చోట్లయితే యంత్రం సంగతి చూడాలి. ప్లాటర్ మీద రసమట్టం పెట్టి అడ్డంగా, నిలువుగా చూడండి. వాలు ఉన్న వైపు కాలు కింద మడతపెట్టిన అట్టముక్క చాలు. తర్వాత ఆర్మ్ ఎత్తే మీటను పూర్తిగా దించి, పాట మోగుతుండగా ఆర్మ్‌ను పక్క నుంచి చూడండి. ఎత్తే కడ్డీకీ ఆర్మ్‌కూ మధ్య సన్నని సందు కనిపించాలి. ప్లాటర్ మీది రబ్బరు చాప తీసేస్తే రికార్డు కిందికి దిగి ఆ సందు మూసుకుపోతుంది. అప్పుడు ఆర్మ్ సగం కడ్డీ మీదే ఆనుకుని ఉండి, ముల్లు గాడిలో నిలవదు.

గుయ్యిమనే హోరు రెండు రకాలు. ఆర్మ్ స్టాండు మీదున్నా హోరు ఉందంటే అది కరెంటు వల్ల వచ్చేది. సన్నటి ఎర్త్ వైరును ఆంప్లిఫయర్ వెనక ‘జీఎన్‌డీ’ స్క్రూకు బిగించారా చూడండి. ఎర్త్ వైరే లేని మోడళ్లూ ఉన్నాయి, అది లోపం కాదు. ఆర్మ్‌ను చేత్తో ఎత్తి ప్లాటర్ మీదుగా మధ్యకు జరుపుతుంటే హోరు పెరుగుతూ తగ్గుతూ ఉందంటే పక్కనో కిందనో అడాప్టరో ఆంప్లిఫయరో ఉంది, దాన్ని కనీసం ఒక అడుగు దూరం జరపండి. ముల్లు రికార్డు మీద ఉన్నప్పుడే వచ్చి, వాల్యూమ్‌తో పాటు పెరిగి ఊళ పెట్టేది రెండో రకం. స్పీకర్ల అదురు బల్ల గుండా ముల్లుకు చేరుతోంది. స్పీకర్లను వేరే బల్ల మీదికి మార్చడమే దానికి మందు.

ఒక స్పీకర్ మూగబోతే ఆంప్లిఫయర్ దగ్గర ఎరుపు, తెలుపు ప్లగ్గులను అటూ ఇటూ మార్చండి. మౌనం రెండో స్పీకర్‌కు మారిందంటే లోపం టర్న్‌టేబుల్ వైపు ఉంది, మారకపోతే ఆంప్లిఫయర్ వైపు. కార్ట్రిడ్జ్ వెనక నాలుగు పిన్నులకు తెలుపు ఎడమ ప్లస్, నీలం ఎడమ మైనస్, ఎరుపు కుడి ప్లస్, ఆకుపచ్చ కుడి మైనస్. వదులైన క్లిప్పును చిన్న పటకారుతో నెట్టండి. పిన్నుకు నేరుగా టంకం వేయకండి, ఆ వేడికి లోపలి సన్నని తీగచుట్ట పోతుంది. మంద్రం మాయమై, గాత్రం మధ్యలో నిలవకుండా చెదిరినట్టుంటే ఒక జత ప్లస్, మైనస్ తారుమారయ్యాయి.

రికార్డు చివరి పాటలో ‘స’, ‘శ’ అక్షరాలు బుసకొట్టడం అంతా యంత్రం తప్పు కాదు. బయటి అంచున ముల్లు కింద గాడి సెకనుకు సుమారు 50 సెంటీమీటర్లు నడుస్తుంది, లోపలికి వచ్చేసరికి దాదాపు 21. అదే శబ్దం సగం కన్నా తక్కువ జాగాలో ఇరుక్కుంటుంది. అయినా ముందు ముల్లును చూడండి. ఫోన్ లైటు పక్క నుంచి వేస్తే కొస చుట్టూ బూడిద రంగు నూగు ఉండలా పట్టి కనిపిస్తుంది. పొడి కుంచెతో వెనక నుంచి ముందుకు, ఒకే దిశలో తుడవండి. పక్కలకు తుడిచారంటే ముల్లును మోసే సన్నని కడ్డీ వంగిపోతుంది. నూగు పోయాక, ఒత్తిడీ సరిచూశాక కూడా బుస తగ్గకపోతే కార్ట్రిడ్జ్ కోణం చూడాలి. కోణం చూసే కొలత కార్డు మీద స్పిండిల్ (ప్లాటర్ మధ్యనున్న కడ్డీ) మధ్య నుంచి 66, 120.9 మిల్లీమీటర్ల దగ్గరున్న రెండు చుక్కల్లోనూ కార్ట్రిడ్జ్ గీతలకు నేరుగా నిలవాలి. కదలని కార్ట్రిడ్జ్ ఉన్న మోడళ్లకు ఇది అక్కర్లేదు. మామూలు ముల్లు 300 నుంచి 500 గంటలు మోగాక మార్చాలి. రోజుకు గంట చొప్పున వింటే ఏడాదీ ఏడాదిన్నర లోపే.

78 వేగం రికార్డుల గురించి ఒక హెచ్చరిక. మీ యంత్రంలో 78 స్విచ్ ఉన్నా ఎల్పీ (33⅓ వేగం రికార్డు) ముల్లుతో అవి వేయకండి. ఎల్పీ ముల్లు కొస వ్యాసార్ధం సుమారు 18 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), 78 గాడికి 75 దాకా కావాలి. సన్న కొస గాడి అడుగున దొర్లుతూ బరబర తప్ప ఏమీ వినిపించదు. ఆ రికార్డులు లక్కతో చేసినవైతే ఆల్కహాల్ తగలనివ్వకండి, కరిగిపోతాయి.

ఇవన్నీ చూశాక కూడా కుదరకపోతే మాకు నాలుగు పంపండి: ఆర్మ్‌ను పక్క నుంచి తీసిన ఫొటో, స్విచ్ ఎటు ఉందో, వైర్లు ఏ ఇన్‌పుట్‌లో ఉన్నాయో, అర నిమిషం శబ్దం రికార్డింగ్. వాటితోనే చాలాసార్లు కారణం చెప్పగలుగుతాం, పెట్టె కట్టే శ్రమ మీకు తప్పుతుంది. నిజంగానే వెనక్కి పంపాల్సి వస్తే ముల్లుకు మూత పెట్టి, బరువు తీసి, ఆర్మ్‌ను స్టాండుకు మెత్తటి దారంతో కట్టండి. ప్లాటర్‌ను కూడా ఎత్తి విడిగా చుట్టండి. స్పిండిల్ మీదే వదిలేస్తే దారిలో కుదుపులకు బేరింగ్ దెబ్బతింటుంది. ఈ మాట కూడా పాత కాగితంలో లేదు.